తెరచాప నుంచి ఇంజను దాకా: హుగ్లీ నది చెప్పే పడవ కథ

చిన్న తెరచాప పడవ ఒకటి మీ దగ్గర ఉందనుకోండి. ముప్పై అడుగుల పొడవు, మధ్యలో తెరచాప కొయ్య, వెనుక చుక్కాని, పక్కన నాలుగు తెడ్లు. దానికి ఇంజను పెట్టించాలని మీకు అనిపించింది. ఎంత అశ్వశక్తి గల ఇంజను కొనాలి? దాన్ని పడవలో ఎక్కడ బిగించాలి? ఇంజను వచ్చాక తెరచాపను ఉంచాలా, తీసివేయాలా?

ఇవి చిన్న ప్రశ్నలుగా కనిపిస్తాయి. కాని కోల్‌కతా పక్కగా పారే హుగ్లీ నది మీద ఈ ప్రశ్నలకు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1823లోనే ఇక్కడ ఆవిరి పడవ నీళ్లలోకి దిగింది. అయినా ఆ నది మీద బతికే సామాన్య పడవవాడికి ఇంజను అందడానికి ఆ తరువాత నూట యాభై ఏళ్లకు పైగా పట్టింది. ఎందుకింత ఆలస్యం? తీరా వచ్చిన ఇంజను పడవకు ఏం చేసింది? రండి, పరిశీలిద్దాం.

గాలి, పోటు, తాడు

ఇంజను లేని కాలంలో పడవలు ఎలా నడిచేవో ముందుగా తెలుసుకోవాలి. కోల్‌కతా సముద్రానికి వంద కిలోమీటర్లకు పైగా ఎగువన ఉంది. అయినా సముద్రపు ఆటుపోట్లు నగరాన్ని దాటి ఇంకా ఎగువకు వెళతాయి. పోటు సమయంలో హుగ్లీ నీరు వెనక్కి, అంటే ఉత్తరానికి ప్రవహిస్తుంది. ఆటు సమయంలో మళ్లీ దక్షిణానికి మళ్లుతుంది. పెద్ద పోటు రోజుల్లో నీరు ఒక గోడలా లేచి ఎగువకు దూసుకువస్తుంది. బెంగాలీలు దీన్ని 'బాన్' అంటారు. పోటుతో ఎగువకు, ఆటుతో దిగువకు వెళ్లడం, మధ్యలో లంగరు వేసి ఎదురు చూడడం పడవవాళ్ల దినచర్య. అంటే వాళ్ల గడియారాన్ని తిప్పింది చంద్రుడే!

రెండో శక్తి గాలి. నైరుతి ఋతుపవన కాలంలో గాలి దక్షిణం నుంచి వీస్తుంది. నది పారేది దక్షిణానికి. కాబట్టి వర్షాకాలంలో ప్రవాహం ఎంత వేగంగా ఉన్నా, వెనుక నుంచి వచ్చే గాలికి తెరచాప ఎత్తి ఎదురీదవచ్చు. తిరుగు ప్రయాణంలో తెరచాప దించేస్తే ప్రవాహమే తీసుకువస్తుంది. బెంగాల్ పడవల మీద సాధారణంగా కనిపించే చతురస్రాకారపు తెరచాప ఈ అవసరానికి సరిగ్గా సరిపోయింది. వెనుక గాలికి అది బాగా పనిచేస్తుంది. ఎదురుగాలికి మాత్రం దాదాపు పనికిరాదు.

గాలీ లేక, పోటూ లేకపోతే? అప్పుడు మిగిలింది మనిషి కండబలం. తెరచాప కొయ్యకు పొడవాటి తాడు కట్టి, దాన్ని భుజాన వేసుకొని, బురదలో గట్టు వెంట నడుస్తూ పడవను లాగేవారు. బెంగాలీలో దీన్ని 'గుణ్ టానా' అంటారు. మన గోదావరి, కృష్ణా కాలువల మీద కూడా పడవలను ఇలాగే గట్టు మీదినుంచి తాళ్లతో లాగేవారని మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. తెరచాప కాలం ఎంతో హాయిగా గడిచిందని ఊహించుకునే ముందు ఆ తాడు ఒరిసిన భుజాలను గుర్తుంచుకోవాలి.

ఖిదిర్‌పూర్‌లో పుట్టిన డయానా

1820ల తొలి ఏళ్లలో ఇంగ్లండులోని మాడ్‌స్లే కర్మాగారం తయారుచేసిన రెండు ఆవిరి యంత్రాలు చైనాలోని కాంటన్ రేవుకు చేరాయి. ఒక్కొక్కటి 16 అశ్వశక్తి గలది. అక్కడ కొనేవారు దొరకలేదు. చివరకు అవి కలకత్తాకు వచ్చాయి. ఖిదిర్‌పూర్‌లోని కిడ్ నౌకాశాలలో ఆ యంత్రాల కోసమే ఒక చెక్క పడవ కట్టి, 1823 జూలై 12న నీళ్లలోకి దించారు. దాని పేరు డయానా.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఉన్న పడవకు యంత్రం తగిలించలేదు. యంత్రం బరువుకు, దాని కదలికకు, పక్కన తిరిగే తెడ్ల చక్రాలకు తగినట్లు పడవనే కొత్తగా కట్టారు. ఈ తేడా మన కథలో ముందు ముందు చాలా ముఖ్యమవుతుంది.

1824లో మొదటి బర్మా యుద్ధం వచ్చింది. ఇరావతి నదిలో ఎదురు ప్రవాహానికి తెరచాప ఓడలు కదలలేకపోయే చోట ఆవిరి పడవ ఉపయోగపడుతుందని నౌకాదళ అధికారి ఫ్రెడరిక్ మారియట్ సలహా ఇచ్చాడు. ఈయనే తరువాత నవలా రచయితగా పేరు పొందాడు. ప్రభుత్వం డయానాను 80,000 రూపాయలకు కొన్నది. గాలి లేనిచోట, ప్రవాహానికి ఎదురుగా, తనే కాక తెరచాప పడవలను కూడా లాక్కుపోగల వాహనం ఆ నదికి కొత్త. ఆవిరి పడవ బలమేమిటో అక్కడ రుజువైంది. అది రుజువైంది ఒక దురాక్రమణ యుద్ధంలో అన్న సంగతి కూడా మరచిపోకూడదు.

ఎంటర్‌ప్రైజ్ నేర్పిన లెక్క

నదిలో సరే, మరి సముద్రంలో? ఇంగ్లండు నుంచి బెంగాల్‌కు ఆవిరి ఓడను సగటున 70 రోజుల్లో నడిపించినవారికి బహుమతి ఇవ్వడానికి కలకత్తాలో చందాలు పోగుచేశారు. ఆ పోటీకి బయలుదేరింది ఎంటర్‌ప్రైజ్. కెప్టెన్ జేమ్స్ హెన్రీ జాన్‌స్టన్. రెండు యంత్రాలు, ఒక్కొక్కటి 60 అశ్వశక్తి. 1825 ఆగస్టు 16న ఫాల్‌మత్ రేవు విడిచి, ఆఫ్రికా ఖండాన్ని చుట్టి, డిసెంబరులో హుగ్లీ చేరింది. పట్టిన కాలం 113 రోజులు. లక్ష్యం నెరవేరలేదు.

ఆ ప్రయాణంలో యంత్రం నడిచింది సుమారు 64 రోజులే. దాదాపు 40 రోజులు ఓడ తెరచాప మీదే నడిచింది. తక్కిన రోజులు బొగ్గు నింపుకోవడానికి ఆగింది. మొదటి ఆవిరి ఓడ కలకత్తా చేరిందని సంబరపడినవారు, అందులో మూడో వంతుకు పైగా ప్రయాణం గాలి చలవేనని గమనించారో లేదో!

కారణం చాలా సులభం. ఆనాటి ఓడ యంత్రాలు ఒక్క అశ్వశక్తిని ఒక్క గంటపాటు ఇవ్వడానికి మూడు నాలుగు కిలోల బొగ్గు కాల్చేవి. ఈ లెక్కన 120 అశ్వశక్తికి రోజుకు పది టన్నుల ప్రాంతం. అంత బొగ్గు నింపితే ఓడ నీటిలోకి లోతుగా కుంగుతుంది. అప్పుడు పక్కనున్న తెడ్ల చక్రాలు కూడా అవసరానికి మించి మునిగి, శక్తి వృథా అవుతుంది. బొగ్గు ఖర్చయిన కొద్దీ ఓడ పైకి తేలుతుంది. అప్పుడు చక్రాలు సరిగ్గా నీటికి అందవు. ఇక యంత్రం ఆపి తెరచాప ఎత్తితే, నీళ్లలో వేలాడే ఆ చక్రాలే ఓడను వెనక్కి పట్టి ఉంచుతాయి. యంత్రానికి, తెరచాపకు ఒకే ఓడలో పొత్తు కుదర్చడం ఎంత కష్టమో ఎంటర్‌ప్రైజ్ చూపింది. అయినా ఆ తరువాత కొన్ని దశాబ్దాలపాటు సముద్రపు ఆవిరి ఓడలు తెరచాపలను వదులుకోలేదు. యంత్రం చెడితే, బొగ్గు అయిపోతే, ఇల్లు చేర్చేది తెరచాపే అని వాటి కెప్టెన్లకు బాగా తెలుసు.

ఆవిరి చిన్న పడవ ఎందుకు ఎక్కలేదు?

ఎంటర్‌ప్రైజ్ కెప్టెన్ జాన్‌స్టన్ తరువాత కలకత్తాలో కంపెనీవారి ఆవిరి పడవల అధిపతి అయ్యాడు. గంగానదిలో మడుగులకన్నా మేటలు ఎక్కువ. అందువల్ల నీళ్లలో అతి తక్కువ లోతు మునిగే ఇనుప పడవలు కావాలనుకున్నారు. లండన్‌లో తయారైన భాగాలను కలకత్తాలో తిరిగి కూర్చి, 'లార్డ్ విలియం బెంటింక్' అనే ఇనుప ఆవిరి పడవను 1834లో నడపడం మొదలుపెట్టారు. యంత్రం, బొగ్గు ఒక పడవలో ఉంటే, ప్రయాణికులు, సరకు దాని వెనుక కట్టిన మరో పడవలో ఉండేవారు. బరువును రెండుగా పంచితే ఏ ఒక్కటీ లోతుగా మునగదు. ఇది తెలివైన ఏర్పాటు. అలహాబాదుకు తెరచాప, తెడ్ల పడవల్లో నెలల తరబడి సాగే ప్రయాణం వారాలకు తగ్గింది. 1844లో ఇండియా జనరల్ స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఏర్పడింది. 1854లో హౌరా నుంచి రైలు కూడా బయలుదేరింది.

ఇంత జరిగినా సామాన్య పడవవాడి తెరచాప దిగలేదు. కలకత్తాకు గడ్డి, ఇటుకలు, ధాన్యం, కుండలు, కట్టెలు చేరవేసింది ఇరవయ్యో శతాబ్దం వరకూ వేలాది తెరచాప పడవలే. మన కోరంగి రేవులో కట్టిన తెరచాప ఓడలు కూడా ఒకప్పుడు ఈ నదికి సరకు తెచ్చేవి.

ఎందుకలా? ఆవిరి యంత్రానికి బాయిలరు కావాలి. బాయిలరుకు మంచినీళ్లు, బొగ్గు, కాల్చే మనిషి, పేలిపోకుండా చూసే మనిషి కావాలి. పెద్ద ఓడకు ఇవన్నీ గిట్టుబాటవుతాయి. ముప్పై అడుగుల పడవలో పెడితే సరకుకు చోటే మిగలదు. అంటే ఆవిరి యంత్రాన్ని ఎంత తగ్గించినా, దాని తోడుగా వచ్చే సరంజామా తగ్గదు. చిన్న పడవకు కావలసింది బాయిలరు లేని యంత్రం. అది చవకగా దొరకాలి. చెడిపోతే ఊరి మెకానిక్కు బాగుచేయగలగాలి.

పొలం నుంచి నదికి

అలాంటి యంత్రం చివరకు వచ్చింది. అయితే నౌకానిర్మాణ కేంద్రాల నుంచి కాదు, వరి పొలాల నుంచి! హరిత విప్లవ కాలంలో సాగునీటి కోసం ఒకే సిలిండరు గల డీజిలు పంపుసెట్లు బెంగాల్ పల్లెల్లోకి విస్తారంగా వచ్చాయి. అయిదు నుంచి పది అశ్వశక్తి వరకు ఉండే ఈ ఇంజన్లకు పని వేసవి పంటకే. వానలు కురిసి పొలాలు నిండితే అవి ఖాళీగా కూర్చుంటాయి. సరిగ్గా అప్పుడే పడవలకు పని ఎక్కువ. ఇంకేం? ఇంజను పొలం గట్టు దిగి పడవ ఎక్కింది. సరిహద్దుకు అవతల బంగ్లాదేశ్‌లో 1980లలో ఈ మార్పు చాలా వేగంగా సాగింది. నిస్సారు గొట్టపు బావుల నుంచి వచ్చిన ఇంజను కనుక అక్కడ దాన్ని 'శాలో' అన్నారు. పశ్చిమ బెంగాల్‌లో, ముఖ్యంగా సుందరబన్ దీవుల్లో, అది చేసే చప్పుడును బట్టి ఆ పడవకు 'భుట్‌భుటి' అని పేరు వచ్చింది.

ఇంధనం లెక్క చూడండి. ఇలాంటి డీజిలు ఇంజను ఒక అశ్వశక్తిని ఒక గంట ఇవ్వడానికి సుమారు పావు కిలో లోపు ఇంధనం తీసుకుంటుంది. ఎంటర్‌ప్రైజ్ కాల్చిన బొగ్గులో పదో వంతు కూడా కాదు. ఒక డబ్బాలో రోజంతటికీ సరిపడే శక్తి! గాలి కోసం, పోటు కోసం ఎదురుచూపు తగ్గింది. గట్టు మీద తాడు లాగే బాధ పోయింది. అర్ధరాత్రి జబ్బు చేసిన మనిషిని దీవి నుంచి కానింగ్‌కు చేర్చగలిగారు. చేపలు కుళ్లకముందే బజారుకు చేరాయి. ఈ మేలును తక్కువ చేసి చూడడం అన్యాయమవుతుంది.

ఇంజను వస్తే పడవ మారాలి

కాని ఒక తేడా ఉంది. డయానాను యంత్రానికి తగ్గట్టు కట్టారు. భుట్‌భుటి విషయంలో మొదట్లో తెరచాప కోసం కట్టిన పడవకే పంపుసెట్టు ఇంజను బిగించారు. దీనివల్ల కలిగే చిక్కులు నాలుగు.

మొదటిది కంపనం. బెంగాల్ పడవను సాధారణంగా ముందు పలకలతో గుల్లగా కడతారు. పలక అంచును పలక అంచుకు చేర్చి, బద్దల్లాంటి ఇనుప మేకులతో కుడతారు. ఆ తరువాతే లోపల పక్కటెముకలు అమరుస్తారు. తెరచాప మీది బలం కొయ్య ద్వారా, మోకుల ద్వారా గుల్ల అంతటికీ నెమ్మదిగా పాకుతుంది. ఇంజను అలా కాదు. నిమిషానికి 1500 సార్లు తిరిగే ఒంటి సిలిండరు ఇంజను, రెండు చుట్లకు ఒకసారి చొప్పున, సెకనుకు పన్నెండు సార్లకు పైగా పడవను ఒకేచోట గుద్దుతుంది. ఆ దెబ్బలకు మేకులు వదులవుతాయి, అతుకుల్లోంచి నీరు ఊరుతుంది. ఇంజను కింద పడవ పొడవునా పోయే గట్టి దూలాలు అమర్చి ఈ బలాన్ని పంచాలి. కింద రెండు అడ్డ కర్రలు వేసి బిగిస్తే చాలదు.

రెండోది పంఖా. పెద్ద పంఖా నెమ్మదిగా తిరిగితే నీటిని సమర్థంగా తోస్తుంది. చిన్న పంఖా వేగంగా తిరిగితే శక్తిలో చాలా భాగం నీటిని చిలకడానికే పోతుంది. గేరుపెట్టె లేకుండా పంపుసెట్టును నేరుగా ఇరుసుకు కలిపిన పడవల్లో జరిగేది ఇదే. పైగా వెనక్కి తిప్పే గేరు లేకపోతే పడవకు బ్రేకు లేనట్టే. రద్దీగా ఉండే రేవు దగ్గర ఇది ప్రమాదం.

మూడోది అశ్వశక్తి మీద మోజు. నీటిని చీల్చుకుపోయే పడవకు వేగం రెట్టింపు కావాలంటే శక్తి రెట్టింపు చాలదు, సుమారు ఎనిమిది రెట్లు కావాలి. 5 అశ్వశక్తితో గంటకు 8 కిలోమీటర్లు నడిచే పడవను 16 కిలోమీటర్లు నడపాలంటే 40 అశ్వశక్తి కావాలన్నమాట. అక్కడితో అయిపోలేదు. పడవ తాను లేపిన అలలోనే చిక్కుకొనే వేగం ఒకటుంది. నీటి మట్టం వద్ద 9 మీటర్ల పొడవు గల పడవకు అది గంటకు సుమారు 13 కిలోమీటర్లు. ఆ పైన ఎంత ఇంజను పెట్టినా డీజిలు కాలడమే తప్ప పడవ ముందుకు పోయేది స్వల్పం.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, తెరచాప మాయం కావడం. కొయ్య అడ్డమని తీసేశారు. కొయ్యను నిలిపే పీట పోయింది. మోకులు పోయాయి. తెడ్లు తగ్గాయి. తెరచాప కుట్టేవారికి పని పోయింది. ఒక తరం గడిచేసరికి గాలిని చదవగలిగిన పడవవాళ్లు అరుదయ్యారు. ఇప్పుడు నడి నదిలో, ఆటు సముద్రం వైపు లాగుతున్న వేళ ఇంజను ఆగిపోతే ఆ పడవకు రెండో దారి ఏమిటి? 1825లో ఎంటర్‌ప్రైజ్‌కు ఉన్న రక్షణ, దానికన్నా ఎంతో మెరుగైన ఇంజను గల నేటి పడవకు లేకుండా పోయింది! పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2010 దశకంలో భుట్‌భుటీల బదులు సురక్షితమైన పడవలు సమకూర్చుకునేవారికి 'జలధారా' పథకం కింద సహాయం ప్రకటించవలసి రావడమే ఈ సమస్య తీవ్రతను చెబుతుంది.

మన తీరంలో ఒక ప్రయత్నం

ఇంజనునూ పడవనూ కలిపి ఆలోచిస్తే ఫలితం ఎలా ఉంటుందో చూడాలంటే హుగ్లీ విడిచి మన తూర్పు తీరానికి రావాలి. ఇక్కడి మత్స్యకారుల సమస్య మేటలు కాదు, కెరటాలు. రేవు లేనిచోట పడవను ఇసుక మీదికే ఎక్కించాలి. కింద పంఖా ఉంటే ఇసుకకు తగిలి విరుగుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభించిన బంగాళాఖాత కార్యక్రమం కింద ఇంజనీర్లు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. చిన్న డీజిలు ఇంజను, ఇరుసు, పంఖా ఒకే ముక్కగా ఉంటాయి. ఆ మొత్తాన్ని ఊయల బల్లలా వంచవచ్చు. గుల్లకు ఇరుసు దూరే చోట వంగే రబ్బరు తొడుగు ఉంటుంది. ఒడ్డు దగ్గరపడగానే ఇంజనును వంచితే పంఖా పైకి లేస్తుంది. ఈ యంత్రం కోసం పడవను కూడా ప్రత్యేకంగా రూపొందించారు. డీజిలు పొదుపు కోసం తెరచాపలను కూడా పరీక్షించారు. అంటే ఇంజను, పడవ, తెరచాప మూడూ ఒకే లెక్కలో భాగాలయ్యాయి.

పోయిన విద్యను రాసిపెట్టుకోవడం

మళ్లీ కోల్‌కతాకు వద్దాం. నగరానికి పడమట రూప్‌నారాయణ్ నది మీద 'ఛోట్' అనే పడవ ఉండేది. అడుగు భాగం ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో ఉండి, బలమైన ప్రవాహాన్ని, సముద్రపు అలలను తట్టుకునేది. మోటారు పడవలు, రోడ్లు, వంతెనలు వచ్చాక ఛోట్ కట్టించేవారే లేకుండా పోయారు. 2022లో హౌరా జిల్లాలోని నదీతీర గ్రామంలో, ఆ విద్య తెలిసిన వృద్ధ కళాకారుడి చేత, ఆయన కుమారుల సాయంతో సుమారు 35 అడుగుల ఛోట్ ఒకటి కట్టించారు. కోల్‌కతా పడవల పరిశోధకుడు స్వరూప్ భట్టాచార్య, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రతి దశనూ చిత్రీకరించి నమోదు చేశారు. కోల్‌కతాలోని కాంకుర్‌గాఛీలో బెంగాల్ పడవల నమూనాల ప్రదర్శనశాల కూడా ఉంది. అక్కడికి వెళితే ఒకే రాష్ట్రంలో ఒక్కో నదికి ఒక్కో రకం పడవ ఎలా పుట్టిందో మీరు కళ్లారా చూడవచ్చు.

ఇది పాత వస్తువుల మీద వ్యామోహం కాదు. కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ నౌకానిర్మాణ సంస్థ బ్యాటరీతో నడిచే ప్రయాణికుల పడవను ఇప్పటికే తయారుచేసింది. దాని పేరు 'ఢేఉ', అంటే అల. రేపో మాపో చిన్న పడవల్లోకి కూడా విద్యుత్ మోటార్లు వస్తాయి. అప్పుడు మళ్లీ ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి. బ్యాటరీ బరువు ఎక్కడ ఉంచాలి? గుల్ల దాన్ని మోయగలదా? పంఖా ఎంత నెమ్మదిగా తిరగాలి? ఛార్జి అయిపోతే ఇల్లు చేర్చేది ఏది? నీటిలో సులువుగా జారిపోయే గుల్ల, గాలిని వాడుకునే తెరచాప ఉన్న పడవకు చిన్న బ్యాటరీ చాలు. అలాంటి గుల్లలను కట్టడం తెలిసినవాళ్లు ఇంకా కొద్దిమంది మిగిలి ఉన్నారు.

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్నలకు మీరే జవాబు చెప్పగలరు. ఎంత ఇంజను? పడవ పొడవు ఒప్పుకునే వేగానికి సరిపడేంత. ఎక్కడ? దాని దెబ్బలను గుల్ల అంతటికీ పంచగల గట్టి దూలాల మీద. మరి తెరచాప? దాన్ని మడిచి పడవలోనే ఉంచండి. కొయ్య పీటను పీకించకండి. ఇంటిలో ఒకరికైనా దాన్ని ఎత్తడం నేర్పండి.